పొద్దుండగానే పడుకోబెట్టే ఇల్లు

భూగోళానికి దక్షిణపు కొసన ఉన్న మా ద్వీపంలో డిసెంబరంటే నడివేసవి. మా డెవన్‌పోర్ట్‌లో ఆ నెల వచ్చిందంటే పొద్దు ఓ పట్టాన గుంకదు. రాత్రి భోజనాలయ్యాక కూడా పిల్లలు వీధిలో బంతాట ఆడుతూనే ఉంటారు. పెరళ్ళలో మాంసం కాలుస్తున్న పొగ గోడలు దాటి వస్తుంది. సరిగ్గా ఆ వేళకు, నదికి తూర్పున ఉన్న ఒక ఇంట్లో, డెల్మా విట్‌చర్చ్ మంచం మీద వెల్లకిలా పడుకుని ఉండేది. ఎండ కిటికీలోంచి తిన్నగా మొహం మీద పడేది. పక్కకు తిరగాలంటే ఇంకొకరు తిప్పాలి. అందుకని కళ్ళు మూసుకుని, బయట పిల్లలు ఎవరు గెలిచారో, ఎవరు తొండి చేశారో వింటూ పడి ఉండేది.

ఆమెకు జబ్బేమీ లేదు. పుట్టినప్పుడు ఊపిరి అందడం ఆలస్యమైంది, అంతే. దాంతో కాళ్ళూ చేతులూ చెప్పిన మాట వినవు. మాట కూడా సాగి సాగి వస్తుంది, కొత్తవాళ్ళకు ఓ పట్టాన అర్థం కాదు. బుర్ర మాత్రం చురకత్తి. తల్లి ఉన్నన్నాళ్ళూ తల్లే అన్నీ చూసింది. ఆవిడ పోయాక, నడివయసులో డెల్మా ఈ ఇంటికి వచ్చింది. ఇల్లు ఒక సంస్థది. సహాయానికి మనుషుల్ని పెట్టేదీ ఆ సంస్థే. డెల్మాను చక్రాల కుర్చీలోంచి యంత్రంతో ఎత్తి మంచం మీద వెయ్యడానికి ఇద్దరు కావాలి. రాత్రికి ఉండే సహాయకురాలు ఒక్కతే. కాబట్టి పగటి మనిషి ఇంటికెళ్ళేలోపే ఆమెను పడుకోబెట్టేయాలి. సాయంత్రం భోజనం అంతకన్నా ముందే అయిపోవాలి. ఇదీ లెక్క. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు, డెల్మా ఇష్టమూ లేదు.

ఇంటి బాధ్యత చూసే షార్లీన్‌ను ఆమె చాలాసార్లు అడిగింది.

"తొమ్మిదింటికి పడుకోబెట్టండి చాలు. అర్ధరాత్రి దాకా కూచోబెట్టమనట్లేదు కదా."

"బంగారం, నీ ఒక్కదాని కోసం మనుషుల్ని ఎక్కణ్ణుంచి తేను? నాకు మాత్రం నిన్ను చూస్తే జాలి లేదనుకున్నావా?"

"నా పేరు బంగారం కాదు."

"సరే బంగారం, ఈసారి మీటింగులో అడిగి చూస్తాలే."

ఆ ఇంట్లో రెండో గది కోరీన్‌ది. కోరీన్ డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన మనిషి. పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ నెత్తిన ఓ ఎర్ర ఉన్ని టోపీతో ఇల్లంతా తిరుగుతూ ఉండేది. కళ్ళబడిన ప్రతిదీ డెల్మాకు చెప్పకపోతే ఆమెకు తోచదు. "డెలీ, వాన!" "డెలీ, పోస్టు!" "డెలీ, పక్కింటి కుక్క మన చెత్తడబ్బా పడేసింది!" ఒక్కోసారి డెల్మాకు చిర్రెత్తుకొచ్చేది. "నాకూ కళ్ళున్నాయే తల్లీ, కనబడుతోంది" అని కసిరేది. కోరీన్ ఏమీ అనుకునేది కాదు. మళ్ళీ కాసేపటికి, "డెలీ, ఎండ!"

కానీ ఇంకెవరికీ తెలియనిది ఒకటి కోరీన్‌కు తెలుసు. ముక్కు దురదపెడితే డెల్మా చెయ్యి అక్కడిదాకా పోదు. అడగాలంటే సిగ్గు. కోరీన్ ఆమె మొహం చూసి పట్టేసేది. చేస్తున్న పని వదిలేసి వచ్చి, ముక్కు మీద వేలితో మెల్లగా గోకి, మాటా పలుకూ లేకుండా వెళ్ళిపోయేది.

వారానికి ఒక్క బుధవారం డెల్మాది. ఆ సాయంత్రం క్లబ్బులో క్విజ్ జరిగేది. ఓడలో వంటవాడిగా చేసి రిటైరైన మెర్వ్ అనే ఆయనా, ఇంకో ఇద్దరూ, డెల్మా కలిసి ఒక జట్టు. పేరు 'మొండి పీతలు'. డెల్మా చెప్పేది మెర్వ్‌కు అరమాటలోనే అర్థమయ్యేది. "ఆగండహే, మా పీత నోరు తెరుస్తోంది!" అని బల్ల మీద గుద్ది అందరినీ ఊరుకోబెట్టేవాడు. నోరా అనే పాత సహాయకురాలు బుధవారాలు ఆలస్యమైనా ఆగి, ఆమెను పడుకోబెట్టాకే ఇంటికెళ్ళేది. మోకాళ్ళు అరిగిపోయి నోరా పని మానేశాక, రోజుకో కొత్త మొహం రావడం మొదలైంది. బుధవారాలు ఒకటి ఉంటే రెండు పోయేవి.

ఆ ఏడు మార్చిలో పీతలు ఫైనల్‌కు వచ్చాయి. షార్లీన్ ఆ రోజుకు మనిషిని పెడతానని మాటిచ్చింది. పెట్టింది కూడా. ఆ మనిషికి మధ్యాహ్నం జ్వరమొచ్చింది. ఆరు కాకుండానే డెల్మాను మంచం మీద వేసేశారు. జుట్టు దువ్వించుకుని, నీలం చొక్కా వేసుకుని సిద్ధమైన మనిషి. చొక్కా విప్పి రాత్రి గౌను తొడిగారు.

కాసేపటికి హాల్లో ఫోన్ మోగింది. మెర్వ్ గొంతు పెద్దది, గదిలోకి వినిపిస్తూనే ఉంది. "మా అమ్మాయి ఏదండీ? ఇక్కడ అందరూ ఎదురుచూస్తున్నారు."

ఆ రోజే వచ్చిన కొత్త సహాయకురాలు చెప్పింది, "డెల్మా నిద్రపోయిందండీ."

"నేను నిద్రపోలేదు!" అని డెల్మా అరిచింది. ఉన్న బలమంతా పెట్టి అరిచింది. తొందరపడితే ఆమె మాట మాటలా రాదు. మూలుగులా వచ్చింది. కోరీన్ పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడి చూసి, మళ్ళీ హాల్లోకి పరుగెత్తింది. "డెలీ నిద్రపోలేదు! కళ్ళు తెరిచే ఉంది! నేను చూశా!"

అప్పటికే ఫోన్ పెట్టేశారు.

ఆ వారంలోనే డెల్మా ఫెర్గస్‌కు కబురు పెట్టింది. ఇలాంటివాళ్ళకు ఏ సంస్థ నప్పుతుందో వెతికిపెట్టడం అతని ఉద్యోగం. ఊరంతా సైకిల్ మీదే తిరుగుతాడు. తడిసిన కోటు కుర్చీకి తగిలించి వంటగదిలో ఎదురుగా కూర్చుని ఆమె చెప్పింది ఓపిగ్గా విన్నాడు.

"సంస్థను మార్చుకునే హక్కు మీకు పూర్తిగా ఉంది, డెల్మా. ముందుగా చెప్తే చాలు. ఎవరూ అడ్డుపడలేరు."

"మరి నీ మొహం అలా వేలాడేసుకున్నావేంటి?"

"ఇల్లు వాళ్ళది కదా. వాళ్ళ మనుషులు వద్దంటే వాళ్ళ ఇల్లూ వదిలెయ్యాలి. నది అవతల కొత్తగా కట్టిన వాటాలున్నాయి. అక్కడ సహాయకులు ఎప్పుడూ ఇద్దరుంటారు. గంట నొక్కితే వస్తారు. మీరు ఎప్పుడు పడుకుంటారో, ఎప్పుడు తింటారో మీ ఇష్టం. కానీ ఎవరి వాటా వాళ్ళదే."

డెల్మా హాల్లోకి చూసింది. కోరీన్ నేల మీద కూర్చుని సాక్సులు జతలు కలుపుతోంది.

"మరి ఇది?"

"కోరీన్ విషయం వాళ్ళన్నయ్య చేతుల్లో ఉంది."

కోరీన్ అన్న లెస్టర్ ఊరి బయట ఉల్లి పండిస్తాడు. ప్రతి ఆదివారం బేకరీలో వేడివేడి స్కాలప్ పైలు, అంటే సముద్రపు ఆల్చిప్పల మాంసం పిండిలో కూరి కాల్చినవి, కొని తెచ్చి, ముగ్గురూ తిన్నాక చెల్లెల్ని కాసేపు తిప్పి తీసుకొస్తాడు. మాటలు తక్కువ మనిషి. ఆ ఆదివారం కోరీన్ చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు డెల్మా సూటిగా అడిగింది. "లెస్టర్, నేను ఇల్లు మారదామనుకుంటున్నా. పక్కవాటా కూడా ఖాళీయే. కోరీన్‌ని నాతో పంపించు."

ఆయన తినగా మిగిలిన ముక్కను పొట్లంలో పెట్టేశాడు.

"నువ్వు గమనించే ఉంటావుగా. పోయిన వారం నన్ను నాన్న పేరుతో పిలిచింది. సాక్సులు చూడు, పొద్దున్నుంచీ అవే జతలు కలుపుతోంది. డాక్టరు చూశాడు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళలో ఈ మతిమరపు జబ్బు తొందరగా వస్తుందట. చోటు మారితే ఇంకా ముదురుతుందట. ఇంట్లో బల్ల కూడా జరపొద్దన్నాడు."

డెల్మా గమనించకపోలేదు. గమనించనట్టు నెట్టుకొస్తోంది.

"నిన్ను వెళ్ళొద్దనడానికి నేనెవణ్ణి?" అన్నాడు లెస్టర్. "నిన్నెలా పడుకోబెడుతున్నారో నేనూ చూస్తున్నా. నాకైతే పిచ్చెక్కేది. కానీ..."

"కానీ ఉంటే బాగుణ్ణని."

"అవును. అదే అంటున్నా. తప్పయితే క్షమించు."

తప్పని ఆమె అనలేకపోయింది. ఫెర్గస్‌కు తర్వాత చూద్దామని చెప్పి పంపేసింది. చలికాలమంతా అలాగే గడిచింది. చలికాలంలో అంత బాధ తెలియదు, చీకటి ఎలాగూ తొందరగానే పడుతుంది. మళ్ళీ డిసెంబరు వచ్చింది. మళ్ళీ ఎండ మొహం మీద పడింది. వీధిలో పిల్లలు నిరుటి పిల్లలే, గొంతులు మారాయి. వాళ్ళు పెద్దవాళ్ళై ఈ వీధి వదిలి వెళ్ళిపోతారు, కొత్త పిల్లలు వస్తారు, తను ఈ మంచం మీదే పడుకుని వింటూ ఉంటుంది. మర్నాడే ఫెర్గస్‌ను పిలిపించింది.

కోరీన్‌కు తనే చెప్పింది. "నేను అవతలి గట్టుకు వెళ్తున్నా కోరీన్. అక్కడే ఉంటా. ఆదివారాలు నిన్ను చూడ్డానికి వస్తా."

"సరే," అంది కోరీన్ హాయిగా. గదిలోకి వెళ్ళి తన సంచీ తీసి బట్టలు కుక్కడం మొదలుపెట్టింది.

"నువ్వు కాదే. నేనొక్కదాన్నే."

"సరే," అని ఇంకో చొక్కా కుక్కింది.

వెళ్ళే రోజు పొద్దున కుర్చీ ఎక్కించే వ్యాను వచ్చింది. సామానంటూ పెద్దగా లేదు. అన్నీ సర్ది, డెల్మాను వెనకవైపు నుంచి ఎక్కిద్దామని తలుపు తీస్తే, లోపల పక్కసీట్లో కోరీన్ కూర్చుని ఉంది. టోపీ పెట్టుకుంది, బెల్టు పెట్టుకుంది, ఒళ్ళో సంచీ. ఎప్పుడెక్కిందో ఎవరూ చూడలేదు.

షార్లీన్ బతిమాలింది. "దిగు తల్లీ, కేక్ పెడతా. నీకిష్టమైన చాక్లెట్ కేక్."

"వద్దు. నేను డెలీతో వెళ్ళాలి. ఇక్కడ నాకు చోటుంది, చూడు." సీటు తట్టి చూపించింది.

డ్రైవరు ఏదో జోకు వేసి దింపబోయాడు. కోరీన్ సంచీని గట్టిగా కావలించుకుని కళ్ళు మూసుకుంది. చెయ్యి పట్టి లాగబోతే కేక పెట్టింది. పక్కింటివాళ్ళు బయటికొచ్చారు. షార్లీన్‌కు చెమటలు పట్టాయి. చివరికి అందరూ డెల్మా వైపు చూశారు. ఆ ఇంట్లో కోరీన్ వినేది ఒక్క డెల్మా మాటే.

డెల్మా తన కుర్చీని వ్యాను తలుపు దగ్గరికి నెట్టించుకుంది.

"కోరీన్, దిగు."

కోరీన్ కళ్ళు తెరిచి చూసింది.

"దిగి లోపలికెళ్ళు. నువ్వు రాకూడదు."

కోరీన్ బెల్టు విప్పుకుంది. దిగింది. సంచీ పట్టుకుని డెల్మా కుర్చీ పక్కనుంచే నడిచి, తలెత్తకుండా ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. వ్యాను కదిలినప్పుడు కిటికీ దగ్గర ఎవరూ లేరు.

కొత్త వాటా బాగుంది. కాదనడానికి లేదు. గట్టు మీదుగా నది కనిపిస్తుంది, సాయంత్రం ఓడ బయల్దేరడం కనిపిస్తుంది. మొదటి రోజు దిల్‌మాయ అనే సహాయకురాలు వచ్చింది. భూటాన్ నుంచి వచ్చి మా ద్వీపంలో స్థిరపడ్డ కుటుంబం వాళ్ళది. చేతులు తుడుచుకుంటూ మామూలుగా అడిగింది, "డెల్మా గారూ, మిమ్మల్ని పడుకోబెట్టడానికి ఎన్నింటికి రమ్మంటారు?"

డెల్మా తెల్లబోయింది. ఆ ప్రశ్న ఎవరూ ఇంతవరకు వెయ్యలేదు. "పదిన్నర," అంది, నోటికొచ్చింది అనేసి.

"పదిన్నరకే ఇద్దరం వస్తాం."

తొమ్మిది కాకుండానే నిద్ర ముంచుకొచ్చింది. టీవీలో ఏమీ లేదు. అయినా గంట నొక్కలేదు. అన్నేళ్ళు అడిగి సంపాదించుకున్న వేళ, కునికిపాట్లు పడుతూనే కాపలా కాసింది. మర్నాడు తనలో తనే నవ్వుకుంది. నవ్వు విని 'ఏంటి డెలీ' అని పరుగెత్తుకొచ్చేవాళ్ళు లేరు.

బుధవారాలు తిరిగొచ్చాయి. క్లబ్బు మూసేదాకా కూర్చుని, మెర్వ్‌తో పోట్లాడి, రొయ్యలు తినిపించుకుని ఇంటికొచ్చేది. కానీ వారంలో తక్కిన రోజులు పొడుగ్గా ఉండేవి. గోడలు మందం, అవతల ఎవరున్నారో వినిపించదు. వాన పడితే తనే చూసేది, చూసి ఊరుకునేది. ముక్కు దురదపెట్టేది. మోచేతి దగ్గరే గంట ఉంది. నొక్కితే దిల్‌మాయ ఆ చివర నుంచి వస్తుంది, చేతి తొడుగులు వేసుకుంటుంది, "చెప్పండి" అంటుంది. ముక్కు గోకమని చెప్పడానికి నోరు రాదు. కుర్చీ తలదిండుకేసి మొహం రుద్దుకునేది. ఒక్కోసారి రుద్దుకుంటూనే కళ్ళు చెమర్చేవి. అది దురదవల్లేనని తనకు తాను చెప్పుకునేది.

ఆదివారాలు మాట తప్పకుండా వెళ్ళింది. మొదటి ఆదివారం కోరీన్ తన కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చుంది. లెస్టర్ స్కాలప్ పై తెచ్చి ఇస్తే గోడవైపే తిరిగి తింది.

"కోరీన్, నేను వచ్చా."

"లేదు. డెలీ వెళ్ళిపోయింది."

"వెళ్ళి వచ్చాగా."

"నన్ను దిగమంది."

ఆ తర్వాత వారాల్లో కుర్చీ కొంచెం కొంచెంగా ఇటు తిరిగింది. ఈస్టర్ వచ్చేసరికి కోరీన్ పక్కనే కూర్చుని, ఆమె చేతి మీద చెయ్యి వేసి టీవీ చూసేది. డెల్మాకు ప్రాణం లేచొచ్చింది. క్షమించిందనుకుంది. ఆ క్షమించడం మర్చిపోవడమేనని జూన్‌లో గానీ తెలియలేదు.

ఆ రోజు సన్నటి జల్లు పడుతోంది. లెస్టర్ కారు పెడుతున్నాడు. డెల్మా కుర్చీ లోపలికి రాగానే కోరీన్ లేచి నిలబడి, టోపీ సర్దుకుని, ఎవరో పెద్దింటి మనిషి వచ్చినట్టు మర్యాదగా నవ్వింది.

"రండి. మీరు ఎవరి కోసం వచ్చారు?"

"నీ కోసమే."

"నా కోసమా! లెస్టర్ కూడా వస్తాడు. కూర్చోండి." డెల్మా కుర్చీలోనే ఉందని చూసి తనే నవ్వేసింది. "ఓ, మీరు కుర్చీ తెచ్చుకున్నారు! మా ఫ్రెండ్‌కి కూడా ఇలాంటిదే ఉండేది. వెళ్ళిపోయింది."

"ఎలాంటి మనిషి మీ ఫ్రెండు?"

కోరీన్ చుట్టూ చూసి, దగ్గరికి వంగి గుసగుసగా చెప్పింది. "గయ్యాళి."

డెల్మాకు నవ్వొచ్చింది. ఆపుకోలేనంత నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఒళ్ళంతా బిగుసుకుపోయి కుర్చీ ఊగింది. కోరీన్ కూడా నవ్వింది, ఎందుకో తెలియకపోయినా. లోపలికి వచ్చిన లెస్టర్ ఇద్దరినీ చూసి, ఏం జరిగిందో మెల్లగా అర్థమై, పైల పొట్లం పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు.

వెళ్ళబోతుంటే ఆయన టాక్సీ దాకా వచ్చాడు. "నువ్వు ఇక్కడే ఉన్నా ఇది జరిగేదే, డెల్మా. నన్నూ మర్చిపోతోంది."

"తెలుసు."

"నీ తప్పు లేదని చెబుదామని."

"అది కూడా తెలుసు, లెస్టర్. తెలిసినా ఏం కలిసొచ్చింది?" అంది డెల్మా.

షార్లీన్ గొడుగు పట్టుకుని బయటికొచ్చింది. అటూ ఇటూ చూసి అడిగింది. "డెల్మా, నీ గది ఇంకా ఖాళీగానే ఉంది. కొత్త మనుషులు దొరికారు. వారంలో మూడు రాత్రులు ఎనిమిదిన్నర దాకా కూచోబెట్టగలం. రాకూడదూ? నువ్వుంటే కోరీన్‌కి కాస్త నిలకడగా ఉంటుంది."

మొదటిసారి ఆమె నోట బంగారం కాకుండా డెల్మా అని వచ్చింది. డెల్మా తలుపులోంచి తన పాత గదివైపు చూసింది. మంచం అలాగే ఉంది. దుప్పటి మార్చారు. ఆ క్షణంలో ఆమె కాదనడం అంత తేలిక కాదు. అవతలి గట్టున ఎదురుచూస్తున్నది ఒక్క కిటికీ, ఒక గంట బొత్తాం. ఇక్కడ, తనెవరో తెలియకపోయినా, చేతి మీద చెయ్యి వేసే మనిషి ఉంది.

"రాను, షార్లీన్," అంది. "ఆదివారాలు వస్తా. ఇక్కడ పడుకోవడానికి మాత్రం రాను."

షార్లీన్ తలూపింది. ఒత్తిడి చెయ్యలేదు.

టాక్సీ బయల్దేరింది. డ్రైవరు కొత్తవాడు. వంతెన మీద గాలికి కారు ఊగుతుంటే, అద్దంలోంచి చూస్తూ పలకరించాడు. "చుట్టాల్ని చూసొస్తున్నారా? బాగా గడిచిందా?"

డెల్మా ఏదో అంది.

"ఆఁ, అవునవును," అన్నాడతను, ఒక్క ముక్క అర్థం కాకుండానే.

మామూలుగా అయితే ఆమె వదిలేసేది. అలాంటి 'అవునవును'లు పుట్టినప్పటి నుంచీ వింటోంది. ఆ రోజు వదల్లేదు. మళ్ళీ అంది. అతను రేడియో తగ్గించాడు. "ఏమనుకోకండి, అర్థం కాలేదు. ఇంకోసారి చెప్పండి."

వాన తుడిచే రెక్కలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. డెల్మా తొందరపడలేదు. ఒక్కొక్క మాటే కూడదీసుకుని, స్పష్టంగా చెప్పింది.

"నా స్నేహితురాలు నన్ను మర్చిపోయింది."

ఈసారి అతనికి అర్థమైంది. కారు కొంచెం నెమ్మది చేసి, గుంతలు తప్పిస్తూ, ఆమెను జాగ్రత్తగా ఇంటి దగ్గర దించాడు.